సిడ్నీలో ఇంటి ఈతకొలనుకు కంచె తనిఖీ సేవ

సిడ్నీ ఉన్న ఆస్ట్రేలియా రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లో 30 సెంటీమీటర్లకు మించిన లోతున నీరు నిలవగల ఈతకొలను ఇంట్లో ఉంటే, 1992 నాటి చట్టం ప్రకారం యజమాని దానిని రిజిస్టరులో నమోదు చేయించి, చిన్నపిల్లలు దాటలేని కంచె కట్టించాలి. మా ఇల్లు అద్దెకిచ్చే ముందు పిలిపించిన ప్రైవేటు తనిఖీదారు పనితీరు నిజంగా మెచ్చదగినది. కంచె ఎత్తు 1.2 మీటర్లు ఉందా, అడుగున సందు 10 సెంటీమీటర్లు దాటిందా అని కొలవడమే కాక, గేటును ఎంత కొద్దిగా తెరిచి వదిలినా దానంతటదే మూసుకొని గడియ పడుతుందో లేదో ఆయన పదేపదే పరీక్షించారు. కంచెకు ఆనుకొని ఉన్న పెద్ద పూలకుండీపైకి పిల్లలు ఎక్కగలరని చెప్పి దూరంగా జరిపించారు. ఆ ఒక్క సూచనకే రుసుము గిట్టుబాటైందని నా అభిప్రాయం. నివేదిక కాస్త ఆలస్యంగా అందింది. కంచె నిబంధనల ప్రకారం ఉందని తనిఖీ తర్వాత ఇచ్చే ధ్రువపత్రం 3 సంవత్సరాలు చెల్లుతుంది, కానీ ఈలోగా గేటు స్ప్రింగు వదులైతే సరిచేయించవలసిన బాధ్యత యజమానిదే.