తుప్పు వ్యాగన్ల వెంట ఇంగ్లండ్‌లో

ముందే చెప్పేస్తున్నా, ఇందులో టవర్ బ్రిడ్జి, బకింగ్‌హామ్ ప్యాలెస్ ఉండవు. 1970ల చివర్లో బ్రిటిష్ రైల్ నడిపిన బొగ్గు గూడ్సు ఒకటి ఇంట్లో చిన్న సైజులో తయారు చేసుకుంటున్నాను. దాని కొలతలు, రంగులు, ముఖ్యంగా తుప్పు ఎక్కడ దగ్గరగా చూడొచ్చో వెతుక్కుంటూ మా బావమరిదితో కలిసి తిరిగిన యాత్ర ఇది. ఈ పిచ్చి ఉన్నవాళ్లు మనలోనూ కొందరున్నారు. ఏ చోటికి వెళ్తే గిట్టుబాటు, ఎక్కడ దిగితే సుఖం అన్నది వాళ్ల కోసం రాస్తున్నా.

మాది కాజీపేట. డీజిల్ షెడ్డు పొగ, సింగరేణి బొగ్గు బండ్లు చూస్తూ పెరిగినవాడికి బ్రిటిష్ గూడ్సు ఎందుకని అడుగుతారు. మన ఇంజన్లకు రెడీమేడ్ మోడళ్లు దొరకడమే తక్కువ. అక్కడి వాటికైతే ఏ నంబరు ఇంజన్‌కు ఏ ఏడాది ఏ రంగు వేశారో కూడా పుస్తకాల్లో ఉంటుంది. నేను కడుతున్నది రెండు క్లాస్ 20 డీజిల్ ఇంజన్లు, వెనక 16 టన్నుల మినరల్ వ్యాగన్లు, చివర గార్డు ఉండే బ్రేక్ వ్యాన్. క్లాస్ 20కి క్యాబ్ ఒక వైపే ఉంటుంది. క్యాబ్ వెనక పడితే పొడుగాటి బానెట్ అడ్డొచ్చి డ్రైవరుకు ముందు దారి సరిగ్గా కనపడదు. అందుకే బానెట్లు ఎదురెదురుగా పెట్టి జంటగా నడిపేవారు, ఎటు వెళ్లినా ముందు ఒక క్యాబ్ ఉంటుంది.

నేను వాడే ఓఓ అనే మోడల్ స్కేలులో అసలు బండి ఒక అడుగు మన దగ్గర నాలుగు మిల్లీమీటర్లు. వ్యాగన్ బఫర్లతో కలిపి ఎనిమిది సెంటీమీటర్లు వస్తుంది. నలభై వ్యాగన్లు పెడితే మూడు మీటర్లు దాటుతుంది, మా ముందు గది అంత లేదు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అసలు లెక్కకు 18.83 ఉండాలి. ఈ రెండు మిల్లీమీటర్ల తేడా గురించి ముసలితనం దాకా వాదించుకునేవాళ్లు అక్కడ ఉన్నారు, నేను మాత్రం ఆ జోలికి పోలేదు.

మొదట యార్క్. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి రెండు గంటలు. స్టేషన్ దిగి నడుచుకుంటూ వెళ్తే నేషనల్ రైల్వే మ్యూజియం, ప్రవేశం ఉచితం. మల్లార్డ్ అనే ఆవిరి ఇంజన్ దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు, జపాన్ బుల్లెట్ రైలు పెట్టె దగ్గర పిల్లల గోల. డీజిల్ ఇంజన్ల దగ్గర మాత్రం నేనూ, మెడలో కెమెరా వేసుకున్న ఒక పెద్దాయనా, అంతే. క్లాస్ 20లో మొట్టమొదటిది, 1957 నాటి డి8000, ఈ మ్యూజియం వాళ్లదే. అయితే వాళ్ల బండ్లు యార్క్‌కీ షిల్డన్‌లోని వాళ్ల ఇంకో మ్యూజియానికీ మధ్య మారుతుంటాయి, ఏది ఎక్కడుందో వెబ్‌సైట్‌లో చూసుకుని వెళ్లండి.

ఒక్క మాట, మోడల్ కట్టేవాడికి యార్క్ కాస్త నిరాశే. ఇక్కడ అన్నీ పెయింటు ఆరిన రోజులా మెరుస్తుంటాయి. ఇంజన్ ముక్కు ఆకారం, గ్రిల్లు, బోగీ స్ప్రింగుల అమరిక చూడ్డానికి బాగుంటుంది, పనిచేసే బండికి పట్టే మసి, నూనె మరకలు మాత్రం కనపడవు. కుటుంబంతో వస్తే ఇక్కడికే రండి, మిగతావాళ్లకు బోరు కొట్టదు. బస మాత్రం ఖరీదు. శనివారం రాత్రి రేట్లు చూసి కళ్లు తిరిగాయి. మేం దిగిన గెస్ట్‌హౌస్ పేరు రాయను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, రాత్రంతా హీటర్ చల్లగానే ఉంది. పొద్దున శాకాహారం అడిగితే ప్లేటులో సాసేజ్ తీసేసి బీన్సు ఇంకో గరిటె వేశారు. ఆదివారం రాత్రికి మార్చుకుంటే అదే ఊళ్లో గదులు చాలా తక్కువకు వస్తాయి.

షిల్డన్ వెళ్లడానికి డార్లింగ్టన్‌లో బండి మారాలి. చిన్న ఊరు, తిండికి పెద్దగా ఏమీ దొరకదు, కాబట్టి డార్లింగ్టన్‌లోనే దిగడం మంచిది. 1825 సెప్టెంబర్ 27న స్టాక్టన్-డార్లింగ్టన్ రైల్వే తొలి బండి ఈ వైపు నుంచే కదిలింది. తర్వాత ఇక్కడే పెద్ద వ్యాగన్ కార్ఖానా వచ్చింది. 1965లో మొదలైన మెర్రీ-గో-రౌండ్ బొగ్గు హాపర్లు పదివేలకు పైగా తయారైంది ఈ ఊళ్లోనే. ఆ బండ్లు పవర్ హౌస్‌లో ఆగేవి కావు. నడక కన్నా నెమ్మదిగా కదులుతూనే అడుగు తలుపులు తెరుచుకుని బొగ్గు దింపేసి చుట్టు తిరిగి వచ్చేసేవి, పేరు అలా వచ్చింది. కార్ఖానా 1984లో మూతపడింది. 2004లో లోకోమోషన్ మ్యూజియం తెరిచారు, 2024లో ఇంకో పెద్ద హాలు కట్టారు. ఇక్కడా టికెట్ లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. గుర్రాలు లాగిన కాలం నాటి చెక్క చాల్డ్రన్ బొగ్గు బండ్ల నుంచి ఇనుప వ్యాగన్ల దాకా గూడ్సు బండ్లకు ఇంజన్లతో సమానంగా చోటిచ్చారు. జనం తక్కువ. వ్యాగన్ పక్కన గొంతుక్కూర్చుని బ్రేకు లివర్లూ యాక్సిల్ బాక్సులూ తీరిగ్గా ఫోటోలు తీసుకున్నా ఎవరూ కదలమనలేదు. అక్కడి వలంటీరు ఒకాయన వచ్చి ఏం వెతుకుతున్నావని అడిగి, కార్ఖానా రోజుల గురించి చాలాసేపు చెప్పాడు. ఆయన యాస నాకు సగమే అర్థమైంది, మా బావమరిదికి అదీ లేదు.

అక్కడి నుంచి దక్షిణానికి దిగి లెస్టర్‌లో మకాం పెట్టాం. తిండి దిగులున్నవాళ్లకు నా సలహా, ఇంగ్లండ్ మధ్యలో ఎక్కడికి వెళ్లినా లెస్టర్‌లో దిగండి. బెల్‌గ్రేవ్ రోడ్డు మొత్తం గుజరాతీ హోటళ్లు, మిఠాయి దుకాణాలు. దోసె కూడా దొరుకుతుంది, చట్నీ మనది కాదు, సర్దుకోవాలి. స్టేషన్ దగ్గర చెయిన్ హోటల్లో ముందే బుక్ చేసుకుంటే యార్క్‌లో ఇచ్చిన దాంట్లో సగానికి వచ్చింది, గదిలో కెటిల్, వేడి నీళ్లు, శుభ్రమైన పక్క.

లెస్టర్ నార్త్ నుంచి లౌబరో దాకా, పాత బండ్లను సందర్శకుల కోసం నడిపే గ్రేట్ సెంట్రల్ రైల్వే ఎనిమిది మైళ్లు. 1899లో లండన్‌కు తెరిచిన పెద్ద లైనులో మిగిలిన ముక్కల్లో ఒకటి ఇది. దీని గొప్పంతా డబుల్ లైనులో ఉంది. ఎదురెదురుగా రెండు బండ్లు పూర్తి వేగంతో దాటుకోవడం ఇలాంటి పాత రైల్వేల్లో ఇంకెక్కడా కనపడదు. పైగా ఇక్కడ 16 టన్నుల మినరల్ వ్యాగన్ల రేక్, అంటే ఒక బండికి సరిపడే వరుస, మొత్తం కాపాడి ఉంచారు, దాన్ని విండ్‌కట్టర్ అంటారు. రోజూ నడపరు. ఉత్సవాల రోజుల్లో, వాళ్లు గాలా అంటారు, బయటికి తీస్తారు. తేదీ చూసుకుని వెళ్లాలి, టికెట్ పెద్దలకు ఇరవై పౌండ్లు దాటుతుంది. రోజంతా ఎన్నిసార్లైనా ఎక్కి దిగొచ్చు కాబట్టి గిట్టుబాటే.

క్వార్న్ అండ్ వుడ్‌హౌస్ స్టేషన్‌లో దిగి వంతెన మీద నిలబడితే ఆ రేక్ మన కింద నుంచి వెళ్తుంది. వ్యాగన్ల లోపలి భాగం పైనుంచి చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు. మోడల్ కట్టేవాళ్లు బయట రంగు మీద పడి చస్తారు, లోపల నలుపు కొట్టి వదిలేస్తారు. అసలు బండి లోపల నలుపు కాదు. బొగ్గు రాసుకుపోయిన చోట ఇనుము నున్నగా గోధుమ రంగులో ఉంటుంది, మూలల్లో, తలుపు అంచుల్లో ముదురు తుప్పు పొరలుగా లేస్తుంది, కింద నీళ్లు నిలిచిన చోట నారింజ రంగు. బయట పక్క రేకుల మీద ఏటవాలుగా తెల్ల చార ఉంటుంది, బొగ్గు ఒంపడానికి తెరిచే తలుపు ఏ చివర ఉందో చెప్పే గుర్తు అది. ఆ చార కొన్నిటికి సగం మాసిపోయి ఉంటుంది, కొన్నిటికి రేకు మార్చి అతుకు వేసినచోట తెగిపోయి ఉంటుంది. వాక్యూమ్ బ్రేకు ఉన్నవి ఇటుక రంగు, లేనివి బూడిద రంగు. నేను ఫోటోలు తీస్తూనే ఉన్నాను. ‘బావా, అక్క ఫోను చేసి ఏం చూశారంటే తుప్పు చూశామని చెప్పమంటావా’ అన్నాడు మావాడు. ‘చెప్పు, దానికి అలవాటే’ అన్నాను.

లెస్టర్ నుంచి ఉత్తరంగా వెళ్తుంటే ఈస్ట్ మిడ్‌లాండ్స్ పార్క్‌వే పక్కనే రాట్‌క్లిఫ్ పవర్ స్టేషన్ కూలింగ్ టవర్లు కనపడతాయి. బ్రిటన్‌లో బొగ్గుతో నడిచిన చివరి పవర్ హౌస్ ఇదే, 2024 సెప్టెంబర్ 30న ఆపేశారు. నేను కట్టే బండ్ల లాంటివి ఈ చుట్టుపక్కలే తిరిగేవి. కాజీపేట మీదుగా బొగ్గు బండ్లు ఇప్పటికీ పోతూనే ఉన్నాయని చెబితే పెట్టెలో ఎదురు సీటాయన నమ్మలేనట్టు చూశాడు. లాంగ్ ఈటన్ దగ్గర టోటన్ యార్డు గట్టు మీద నిలబడి చూడొచ్చు, పైసా ఖర్చు లేదు. ఒకప్పుడు క్లాస్ 20లకు పుట్టిల్లు లాంటి షెడ్డు, ఇప్పుడు కనపడేవి ఎక్కువగా క్లాస్ 66లు. వాన పడితే నిలబడ్డానికి నీడ లేదు, గొడుగు పట్టుకెళ్లండి.

చెస్టర్‌ఫీల్డ్ దగ్గరి బ్యారో హిల్ వేరే లోకం. 1870లో కట్టిన గుండ్రటి ఇంజన్ షెడ్డు, మధ్యలో తిరిగే టర్న్‌టేబుల్ ఇంకా పనిచేస్తోంది. షెడ్డుగా 1991లో మూసేశారు, 1998లో సందర్శకులకు తెరిచారు. డెల్టిక్ అనే పాత డీజిల్ ఇంజన్లను కాపాడే సంఘం డిపో ఇక్కడే. లోపలికి అడుగు పెట్టగానే డీజిల్, గ్రీజు వాసన కొట్టింది, మా ఊరి షెడ్డులో నిలబడ్డట్టే ఉంది. పై కిటికీల్లోంచి పడే వెలుతురులో ఇంజన్ పక్కల నూనె కారిన గీతలు స్పష్టంగా కనపడతాయి, వెదరింగ్, అంటే మోడల్‌కు మసి, తుప్పు రంగులు పూయడం, నేర్చుకునేవాళ్లు యార్క్ మానేసి ఇక్కడికి రావాలి. ఇబ్బంది ఒక్కటే, దగ్గరలో రైల్వే స్టేషన్ లేదు, చెస్టర్‌ఫీల్డ్ నుంచి బస్సో ట్యాక్సీయో పట్టాలి. తెరిచే రోజులు కూడా తక్కువ.

బరీలో ఈస్ట్ లాంకషైర్ రైల్వే కూడా అలా పాత బండ్లు నడిపేదే, అక్కడికి ఇంజన్ శబ్దం కోసం వెళ్లాలి. మాంచెస్టర్ విక్టోరియా నుంచి ట్రామ్ ఎక్కితే అరగంట. క్లాస్ 40 డీజిల్ ఇంజన్లను కాపాడే సంఘం వాళ్ల ఇంజన్లు ఇక్కడే ఉంటాయి, ఆ టర్బో ఈల వింటే ఆ ఇంజన్‌కు విస్లర్ (ఈల వేసేది) అన్న ముద్దు పేరు ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. డిజిటల్ సౌండ్ చిప్ పెట్టుకునేవాళ్లు ఒకసారి అసలు శబ్దం విని కొనండి. ఊళ్లో పెద్ద మార్కెట్ ఉంది. బ్లాక్ పుడింగ్ దాని ప్రసిద్ధి, రక్తంతో చేస్తారు, తెలిసి తినండి.

ఇక కొనుగోళ్లు. బర్మింగ్‌హామ్ ఎన్‌ఈసీ ప్రదర్శనశాలలో ఏటా జరిగే వార్లీ మోడల్ రైళ్ల ప్రదర్శన 2023తో ఆగిపోయింది, మోడళ్లమ్మే హాటన్స్ దుకాణం 2024లో మూతపడింది. ఇప్పుడు నా లెక్కలో మేలైనవి వారాంతాల్లో స్కూలు హాళ్లలో జరిగే చిన్న క్లబ్బుల ప్రదర్శనలు. ఐదారు పౌండ్లిస్తే లోపలికి పంపుతారు. సెకండ్ హ్యాండ్ బల్లల మీద చెప్పుల డబ్బాల్లో పాత వ్యాగన్లు ఉంటాయి, కొత్తవి పాతిక ముప్పై పౌండ్లుంటే ఇక్కడ ఏడెనిమిదికి దొరుకుతాయి. పాత ఇంజన్ కొనేటప్పుడు అక్కడే పట్టా మీద రెండు వైపులా నడిపించి చూపమని అడగండి, మొహమాటం వద్దు. ఒక స్టాలాయన పరీక్ష పట్టా లేదన్నాడు, పక్క బల్లకు వెళ్లిపోయాం. పార్క్‌సైడ్ ప్లాస్టిక్ కిట్లు తేలిక, చవక, సూట్‌కేసులో చోటు తీసుకోవు.

రైలు టికెట్లకు ఇద్దరూ కలిసి తిరిగేటప్పుడు టూ టుగెదర్ రైల్‌కార్డ్ తీసుకోండి. మూడో వంతు తగ్గుతుంది, మామూలు రోజుల్లో ఉదయం 9:30 తర్వాతే చెల్లుతుంది. విదేశీయులకు వ్యాట్ తిరిగిస్తారని ఇంకా అనుకుంటున్నవాళ్లుంటే, బ్రిటన్‌లో దుకాణాల్లో ఆ వసతి 2020తో పోయింది. ఎనామెల్ పెయింట్లు, థిన్నర్లు విమానంలోకి రానివ్వరు, తుప్పు రంగులు ఇక్కడే కొనుక్కోవడం మంచిది. ఇంజన్లు మాత్రం చేతి సంచిలోనే పెట్టుకోండి. హీత్రూలో స్కానర్ దగ్గర మా సంచి పక్కకు తీశారు. డబ్బా తెరిచి బూడిద రంగు వ్యాగన్ చేతిలోకి తీసుకున్న ఆఫీసరు, ఇది కొత్తగా కొన్నారా, ఇంత మురికిగా ఉందేంటి అని అడిగాడు. ‘దాని కోసమే వచ్చాడండీ మా బావ’ అన్నాడు మావాడు.