డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్: చీకటి ఆకాశం కింద కూడా కావాలా?

నెబ్యులాల (అంతరిక్షంలోని వాయువు, దుమ్ము మబ్బుల) ఫోటోలు తీసేటప్పుడు కెమెరా ముందు పెట్టే ఫిల్టర్ ఇది. ఒక్కో బ్యాండ్ 7 నానోమీటర్ల వెడల్పున్న ఈ డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ కొన్నది ఊరి లైట్ల వెలుతురు తట్టుకోడానికే, కానీ దీని సత్తా నాకు తెలిసింది బోర్టిల్ 2 (ఆకాశం చీకటిని కొలిచే స్కేలులో దాదాపు అత్యంత చీకటి) ఆకాశం కిందికి తీసుకెళ్లాకే. అంత చీకటి ఉన్నచోట ఇంక ఫిల్టర్ ఎందుకండీ అని చాలామంది అడుగుతారు. ఏం తీస్తున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది.

వెలిగే వాయువు కొన్ని ఖచ్చితమైన రంగుల్లోనే (గీతలంటారు) వెలుతురునిస్తుంది. హైడ్రోజన్ ఆల్ఫా 656.3, ఆక్సిజన్ త్రీ 500.7 నానోమీటర్లు, ఈ రెండు గీతల చుట్టూ ఉన్న కాస్త వెలుతురు తప్ప మిగతాదంతా ఇది ఆపేస్తుంది. ఎంత చీకటి ప్రదేశమైనా ఆకాశం పూర్తిగా నల్లగా ఉండదు కదా, పైన వాతావరణమే సన్నగా మెరుస్తూ ఉంటుంది, ఆ ఎయిర్‌గ్లోలో గట్టి గీతలు 557.7, 630 దగ్గర ఉంటాయి, అవి కూడా ఇక్కడే ఆగిపోతాయి.

సిమైస్ 147 మీద పెట్టి చూశా. దాదాపు 3 డిగ్రీల వెడల్పున్న సూపర్నోవా అవశేషం (పేలిన నక్షత్రం మిగిల్చిన మబ్బు) అది, అంటే పక్కపక్కన 6 నిండు చందమామలంత. ఫిల్టర్ లేకుండా తీస్తే చుక్కల గుంపులో ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది, ఫిల్టర్ పెట్టి 6 గంటల ఫోటోలు స్టాక్ చేస్తే (ఒకదానిమీద ఒకటి కలిపితే) చుక్కలు చిన్నవైపోయి ఎర్రటి దారపు పోగులు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి, స్క్రీన్ ముందు నుంచి లేవబుద్ధి కాలేదు.

కాకపోతే చీకటి ప్లస్ ఫిల్టర్ అంటే బ్యాక్‌గ్రౌండ్ మరీ అడుగుకి పడిపోతుంది, 120 సెకన్ల సబ్స్ (స్టాక్‌లో కలిపే విడి ఫోటోలు) తీస్తే రీడ్ నాయిసే (కెమెరా సెన్సర్ సొంతంగా కలిపే గరుకు) మిగుల్తుంది. నేను 300కి వెళ్లాను, ఇంకా పెంచినా మంచిదే, అందుకని గైడింగ్ (టెలిస్కోపు చుక్కల వెంట కచ్చితంగా తిరిగేలా సరిదిద్దడం) గట్టిగా లేకపోతే ఈ ఫిల్టర్ జోలికి వెళ్లొద్దు. ఫిల్టర్ మార్చాక ఫోకస్ మళ్లీ చేసుకోవాలి, ఫ్లాట్స్ (అంచుల మసక, దుమ్ము మచ్చలు సరిదిద్దడానికి తీసే ఫోటోలు) కూడా ఫిల్టర్‌తోనే తీయాలి. ఎఫ్/2 లాంటి ఫాస్ట్ ఆప్టిక్స్ (వెలుతురు ఎక్కువ పట్టే లెన్సులు, టెలిస్కోపులు) అయితే కిరణాలు ఏటవాలుగా పడి బ్యాండ్ నీలం వైపు జరిగిపోతుంది, వాటికి ప్రత్యేకంగా చేసిన రకం తీసుకోండి.

దీంతో అసలు తీయకూడనిది ఐరిస్ నెబ్యులా, ఎన్‌జీసీ 7023. అది సొంతంగా వెలిగేది కాదు, నక్షత్రం వెలుతురు దుమ్ము మీద పడి చెదిరేది, అంటే అన్ని రంగులూ కావాలి. అమావాస్య రాత్రి 4 గంటలు ఫిల్టర్‌తో తీసి దుమ్ము మొత్తం పోగొట్టుకున్నా, ఆ బాధ ఇంకా ఉంది, అంత మంచి ఆకాశం మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో. మర్నాడు ఉట్టి కెమెరాతో 2 గంటలు తీస్తే గోధుమరంగు దుమ్ము తెరలు ఎంత చక్కగా వచ్చాయో!

లోపం ఒకటుంది, హాలోలు. గుర్రపుతల నెబ్యులా పక్కనే అల్నిటాక్ అనే గట్టి చుక్క ఉంది కదా, దాని చుట్టూ పెద్ద నీలిపచ్చ వలయం వచ్చింది, ప్రాసెసింగ్‌లో ఎంత తంటాలు పడ్డా పూర్తిగా పోలేదు. అమ్మినవాళ్లకి రాస్తే ఇంకోటి పంపారు, తగ్గింది గానీ ఉంది. దానికే ఒక స్టార్ కోసి 5కి 4 ఇస్తున్నా.

మీ లిస్టులో సూపర్నోవా అవశేషాలు, షార్ప్‌లెస్ కేటలాగ్ (వెలిగే హైడ్రోజన్ మబ్బుల జాబితా) ఎర్ర మబ్బులు ఎక్కువుంటే చీకటి ఆకాశం కింద కూడా కొనుక్కోండి. దుమ్ము, రిఫ్లెక్షన్ నెబ్యులాలు, గెలాక్సీలు అయితే వద్దు, ఆ డబ్బు ఇంకో చీకటి రాత్రి ప్రయాణానికి పెట్టుకోండి.