చేతి మీద చాడీల బిళ్ళ: షుగర్ సెన్సర్ వాడి చూశాక

షుగర్ వచ్చి ఏళ్ళవుతున్నా వేలికి సూది గుచ్చుకోవడమంటే నాకు ఇప్పటికీ చిరాకే, అందుకే చేతికి అంటించుకునే సెన్సర్ కొన్నాను. కంపెనీ పేరు ఎందుకులెండి, ఈ రకానివన్నీ పనిచేసే తీరు దాదాపు ఒకటే. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళ సంగతి వేరు, రాత్రిపూట షుగర్ పడిపోతుంటే లేపి చెప్పే వస్తువు వాళ్ళకు నిజంగా అవసరం. నాలాగా టైప్ 2 వచ్చి మాత్రలతో నెట్టుకొస్తున్నవాళ్ళు కొనాలా వద్దా అన్నదే నేను రాసేది.

పది రూపాయల బిళ్ళ కంటే కొంచెం పెద్దది. భుజానికి, మోచేతికి మధ్య వెనక వైపు పెట్టి నొక్కితే టక్కుమంటుంది, సూది వెనక్కి వచ్చేస్తుంది, సన్నటి తీగ మాత్రం చర్మం కింద ఉండిపోతుంది. నొప్పి వేలికి గుచ్చుకునే దాంట్లో సగం కూడా లేదు. గంట ఆగితే ఫోన్‌లో అంకెలు మొదలు, 14 రోజులు నడుస్తుంది, తర్వాత పీకి పారెయ్యడమే. అది కొలిచేది నెత్తురులో షుగర్ కాదు, కణాల మధ్య ఉండే నీటిలోది, కాబట్టి వేలి రీడింగ్ కంటే అయిదు పది నిమిషాలు వెనకబడి ఉంటుంది. ఈ ముక్క దుకాణంలో ఎవరూ చెప్పరు, మనం రెండూ పక్కపక్కన పెట్టుకుని ఏది నిజమో తెలియక తల పట్టుకుంటాం.

మూడు నెలలకోసారి చేయించుకునే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష షుగర్ సగటు మాత్రమే చెబుతుంది, సగటులో ఎన్ని పాపాలైనా దాగుతాయి. ఈ బిళ్ళ దగ్గర ఆ ఆటలు సాగవు. జొన్న రొట్టెకూ షుగర్‌కూ సంబంధమే లేదన్నట్టు తింటాం కదా మనం, రెండు రొట్టెలు పాలకూర పప్పుతో తింటే ఫోన్‌లో షుగర్ గీత మర్యాదగానే లేచింది, నాలుగు తిన్నరోజు మాత్రం అన్నం తిన్నట్టే లేచింది. తెలంగాణ సోనా కథ కూడా ఇంతే. ఆర్‌ఎన్‌ఆర్ 15048 అని రాజేంద్రనగర్‌లో తయారుచేసి 2015లో వదిలిన వరి రకం, మామూలు సన్నబియ్యం కంటే గ్లైసిమిక్ ఇండెక్స్ (తిన్నది షుగర్‌ను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె) తక్కువన్న మాట నిజమే, కానీ ‘షుగరోళ్ళ బియ్యం’ అన్న ధైర్యంతో మా ఆయన నా పళ్ళెంలో ఇంకో గంటె వడ్డిస్తారు. బిళ్ళకు బియ్యం పేరు తెలియదు, గంటెల లెక్క తెలుసు. సర్వపిండి తీరే వేరు, పల్లీలు, శెనగపప్పు, నూనె కలవడం వల్లనేమో మెల్లగా లేచింది, దిగడానికి మాత్రం మధ్యాహ్నం దాకా తీసుకుంది.

అన్నిటికంటే పనికొచ్చింది పొద్దున లెక్క. పడుకునేటప్పుడు 130, లేచేసరికి 160! మధ్యలో ఎవరు తిన్నట్టు? మా ఆయన ఫ్రిజ్ వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు. తెల్లవారుజామున హార్మోన్లు పెరిగి లివర్ తనంతట తానే గ్లూకోజ్ వదులుతుందని డాక్టర్ గారు చెప్పేదాకా నా మీద ఆ అనుమానం పోలేదు. అన్నం తిన్నాక వరంగల్ భద్రకాళి బండ్ మీద ఓ పావుగంట నడిస్తే గీత వంగడం కళ్ళారా చూశాను. డాక్టర్లు ఎన్నేళ్ళుగానో చెబుతున్న మాటే, ఫోన్‌లో బొమ్మ చూస్తేగానీ నమ్మం మనం.

ఇక చిక్కుల్లోకి వస్తే, దీన్ని తయారుచేసినవాళ్ళు చీర జాకెట్టు గురించి ఆలోచించినట్టు లేదు. ఫోన్ దగ్గర పెట్టి చేసే స్కాన్ జాకెట్టు మీద నుంచి బాగానే అవుతుంది, విప్పేటప్పుడే తంటా, బిగుతు చెయ్యి అంచు తగులుకుని ఒకసారి బిళ్ళ సగం లేచింది. చెయ్యి కాస్త వదులుగా కుట్టమంటే మా టైలర్ ‘కొత్త ఫ్యాషనా మేడం’ అన్నాడు. మన మే నెల ఎండలో చెమటకు అంచులు ఊడుతాయి, పైన వేసే టేపు విడిగా కొనుక్కోవాలి. బిళ్ళ ఉన్న చెయ్యి కింద పడేలా ఒత్తిగిలి పడుకుంటే దొంగ లెక్కలు కూడా చెబుతుంది. అర్ధరాత్రి 58 అని అలారం, ఇల్లంతా లేచింది, అత్తమ్మ దేవుడికి దండం పెట్టింది, మా ఆయన గ్లాసులో చక్కెర కలుపుతుంటే నాకేమో చెమట లేదు, వణుకు లేదు, ఉట్టి నిద్రమత్తు. వేలికి గుచ్చితే 112. కలిపిన నీళ్ళు వృథా ఎందుకని ఆయనే తాగేశారు. అలారానికీ ఒంటికీ పొంతన లేకపోతే వేలి రీడింగే చూడాలి, కాబట్టి పాత మిషన్‌ను పారెయ్యకండి.

మనుషుల గోల యంత్రంలో తప్పు కాదు గానీ చెప్పాలి. సద్దుల బతుకమ్మ నాడు అందరి కళ్ళూ నా పూల మీద కాదు, నా చెయ్యి మీదే. ‘గదేందక్కా, చిప్పు పెట్టిన్రా?’ అని ఒకరు, కాకరకాయ రసం తాగితే ఇవేం అక్కర్లేదని ఇంకొకరు, ‘ఒక్కటి తింటే ఏం గాదు తియ్యి బిడ్డా’ అని మలీద ముద్ద చేతిలో పెట్టే పెద్దమ్మలు ఎటూ ఉంటారు. అదిగో, ఆ ముద్ద దగ్గరే పట్టుబడ్డాను. యాప్‌లో మన లెక్కలు ఇంట్లోవాళ్ళకు కూడా కనిపించేలా పెట్టుకోవచ్చు, నేను ముచ్చటపడి హైదరాబాద్‌లో ఉన్న మా అమ్మాయికి ఇచ్చాను. అరగంట దాటిందో లేదో ఫోన్, ‘అమ్మా, 240 ఏంది?’ అని. బతుకమ్మ ఆడుతున్నా, తర్వాత మాట్లాడతా అన్నాను. ‘ఆడితే తగ్గాలి గదా’ అంది. మేడారం నుంచి పక్కింటివాళ్ళు ప్రసాదం తెచ్చినప్పుడు కూడా ఇదే పంచాయితీ, అది బెల్లం కాదు సమ్మక్క తల్లి బంగారం అంటే ఆ బిళ్ళకు అర్థమవుతుందా, మా పిల్లకు అర్థమవుతుందా!

ధర దగ్గరే అసలు దెబ్బ. 14 రోజుల దానికి దాదాపు 5000, అంటే నెలంతా పెట్టుకుంటే పది వేలు, మాత్రల ఖర్చు దాని ముందు చిల్లర. మాత్రల మీద ఉన్నవాళ్ళు ఏడాది పొడవునా పెట్టుకోవాల్సిన పని లేదని నా అభిప్రాయం. డాక్టర్‌ను అడిగి, మామూలు రోజుల్లో ఒకటి, సంక్రాంతి సకినాల ముందు ఒకటి పెట్టుకోండి, ఏది తింటే ఎంత లేస్తుందో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, ఆ తర్వాత వేలి మిషనే చాలు. అయిదుకు మూడున్నర ఇస్తాను, ఆ తగ్గించిన ఒకటిన్నరలో ఒకటి ధరకు, అర జాకెట్టుకు. సకినాల వారం మాత్రం పిల్లలకు కనిపించే ఆ ఆప్షన్ ఆపెయ్యండి, సెట్టింగ్స్‌లోనే ఉంటుంది.