పరాయి గడ్డపై యుద్ధం: కొనసాగించడం మేలా, వెనుదిరగడం మేలా?

చిత్తూరు నుంచి చెన్నైకి పోయే బస్సు రాణిపేట, కాంచీపురం దాటాక శ్రీపెరంబుదూరు మీదుగా వెళ్తుంది. 1991 మే 21 రాత్రి రాజీవ్ గాంధీ హత్యకు గురైన ఊరది. అంతకు నాలుగేళ్ల ముందు శ్రీలంకకు సైన్యాన్ని పంపుతూ ఆయన తీసుకున్న నిర్ణయానికీ ఆ హత్యకూ ఉన్న సంబంధం తెలిసినవారికి, ప్రజలు మెచ్చని విదేశీ యుద్ధాన్ని కొనసాగించాలా మానుకోవాలా అన్నది వియత్నాం గురించో అఫ్గానిస్తాన్ గురించో చదువుకునే దూరపు ప్రశ్నగా తోచదు. మన దేశం కూడా ఒకసారి దానికి జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందంపై సంతకాలు చేశారు. తమిళ మిలిటెంట్ల నుంచి ఆయుధాలు అప్పగింపజేసుకోవడానికి వెళ్లిన భారత శాంతి పరిరక్షక దళం అక్టోబరు నాటికి వారిలో ప్రధానమైన సంస్థ, తర్వాత రాజీవ్‌ను హత్య చేసిన ఎల్టీటీఈతోనే పూర్తిస్థాయి యుద్ధంలో దిగిపోయింది. సింహళీయులు దానిని ఆక్రమణ సేనగా చూశారు. ఏ తమిళుల రక్షణకని వెళ్లిందో వారు కూడా, ముఖ్యంగా ఆ అక్టోబరులో జాఫ్నా ఆసుపత్రిలో రోగులు, వైద్యులు, నర్సులు మన సైనికుల కాల్పుల్లో మరణించాక, దానికి దూరమయ్యారు. ఇక్కడ తమిళనాడులోనూ వ్యతిరేకత పెరిగింది. రెండున్నరేళ్లకు పైగా సాగిన ఆ మోహరింపులో సుమారు 1,200 మంది భారత సైనికులు ప్రాణాలు కోల్పోయారు.

కొనసాగించాలనేవారి వాదనల్లో అందరి నోటా వినిపించేది, ఇంతమంది చనిపోయాక ఇప్పుడు వెనక్కి వస్తే ఆ త్యాగమంతా వృథా కాదా అన్నది. పలమనేరు వైపు బోరు వేయించిన రైతును అడిగితే ఈ వాదన ఎక్కడికి తీసుకుపోతుందో చెబుతాడు. ఐదు వందల అడుగులు దించినా దుమ్ము తప్ప చెమ్మ కనబడదు. పెట్టిన డబ్బు పోతుందన్న బాధతో ఇంకో రెండు వందలు, ఆ రెండు వందలూ పోతాయని మరో మూడు వందలు దింపిస్తాడు. కింద నీళ్లున్నాయా లేవా అన్నదానికీ పైన ఎంత ఖర్చయిందన్నదానికీ సంబంధం లేదు. అమెరికా చేసింది ఇదే. వియత్నాంలో మరణించిన 58 వేలకు పైగా అమెరికన్ సైనికుల్లో 20 వేల మందికి పైగా, యుద్ధాన్ని ముగిస్తానన్న నిక్సన్ 1969 జనవరిలో అధ్యక్షుడయ్యాకే మరణించారు. 1973 పారిస్ ఒప్పందం ఉత్తర వియత్నాం సేనలను దక్షిణాన ఉన్నచోటనే ఉండనిచ్చింది. 1975 ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయింది. వెళ్లిపోవాలని తేల్చుకున్నాక కూడా గౌరవం కోసం ఏళ్ల తరబడి పోరాడడం నా దృష్టిలో అన్నిటికన్నా హీనమైన దారి.

అయితే ఆ వైపు మరొక వాదన ఉంది. దానిని నేను అంత సులభంగా తోసిపుచ్చలేను. సైన్యం వెళ్లిపోతే, దానిని నమ్మి వెంట నిలిచిన స్థానికులకు దిక్కెవరు? భారతదేశం అండతో శ్రీలంక ఈశాన్య ప్రాంతానికి ముఖ్యమంత్రి అయిన వరదరాజ పెరుమాళ్ 1990 మార్చిలో దేశం విడిచి రావలసి వచ్చింది. ఆయన పార్టీ ఈపీఆర్ఎల్ఎఫ్ నాయకుడు పద్మనాభను అదే ఏడాది జూన్‌లో మద్రాసు నగరంలోనే ఎల్టీటీఈ చంపింది. అల్జీరియాలో ఫ్రెంచి సైన్యం పక్షాన పోరాడిన హర్కీలలో ఎందరో 1962లో ఫ్రాన్స్ వైదొలగాక ఊచకోతకు గురయ్యారు. వెనుదిరగడాన్ని సమర్థించేవారు ఈ మరణాలను తమ లెక్కలో రాసుకోవాలి, చాలామంది రాసుకోరు.

అంత మాత్రాన ఉండిపోవడం మేలవుతుందా? ఇక్కడ, యుద్ధం ఎవరికి నచ్చడం లేదన్నది చూడాలి. సొంత దేశంలో నచ్చకపోయినా, అక్కడి ప్రజలు కోరుకుంటున్నప్పుడు ప్రభుత్వం కొంతకాలం జనాన్ని ఒప్పించే ప్రయత్నం చేయవచ్చు. శ్రీలంకలో ఆ అవకాశమే మిగలలేదు. 1989 జులై నెలాఖరుకల్లా వెళ్లిపొమ్మని అధ్యక్షుడు ప్రేమదాస బహిరంగంగా కోరారు. అంతటితో ఆగక, మన సైన్యం ఎవరితో పోరాడుతోందో ఆ ఎల్టీటీఈకే ఆయన ప్రభుత్వం ఆయుధాలు అందించింది. పిలిచిన ఇంటివారే పొమ్మన్నాక ఆ గడప లోపల నిలబడడానికి ఏ న్యాయమూ ఉండదు. ఉపసంహరణ రాజీవ్ హయాంలోనే మొదలైంది, వి.పి.సింగ్ ప్రభుత్వం దానిని పూర్తి చేసింది. ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. 1990 జూన్‌లోనే శ్రీలంకలో యుద్ధం మళ్లీ రాజుకుని 2009 మే వరకు రగిలింది కదా అని కొందరంటారు. రగిలిన మాట నిజమే. మన దళం ఉండి ఉంటే ఆగేదనడానికి ఆ రెండున్నరేళ్లలో ఆధారం దొరకదు.

వెళ్లేటప్పుడు ఎలా వెళ్లాలన్నదానికి అఫ్గానిస్తాన్ రెండు నమూనాలు చూపింది. సోవియట్ యూనియన్ 1988 ఏప్రిల్‌లో జెనీవాలో ఒప్పుకున్న గడువు ప్రకారం 1989 ఫిబ్రవరి 15 నాటికి సైన్యాన్ని తీసుకుపోయింది గానీ, అఫ్గాన్ అధ్యక్షుడు నజీబుల్లా ప్రభుత్వానికి ఆయుధాలు, ఇంధనం, ధాన్యం పంపడం మానలేదు. ఆ ప్రభుత్వం అందరి అంచనాలనూ తలకిందులు చేస్తూ 1992 ఏప్రిల్ దాకా నిలిచింది. సహాయం ఆగాకే కూలింది. అమెరికా 2020 ఫిబ్రవరిలో దోహాలో, కాబూల్ ప్రభుత్వాన్ని పక్కన పెట్టి తాలిబాన్లతో ఒప్పందం చేసుకుంది. 2021 ఆగస్టు 15న, ఆఖరి అమెరికన్ విమానం ఎగరకముందే, కాబూల్ వారి చేతికి పోయింది. రెండూ ఓటములే. అయినా మొదటిది మిత్రులకు మూడేళ్ల వ్యవధి ఇచ్చింది, రెండవది విమానాశ్రయం గేటు దగ్గర తొక్కిసలాట మిగిల్చింది.

ఈ కొలతతో చూస్తే మనం శ్రీలంక వీడిన తీరు రెంటికీ మధ్యలో నిలుస్తుంది. సైన్యం క్రమంగానే వచ్చింది, మిత్రులు మాత్రం నిరాధారంగా మిగిలారు. 1990 మార్చి 24న చివరి దళాలు ట్రింకోమలి వదిలి మద్రాసు రేవుకు చేరినప్పుడు, తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్లలేదు. యుద్ధాన్ని వ్యతిరేకించడానికి ఆయనకు పూర్తి హక్కు ఉండేది. ఓడ దిగినవారిలో ఆ యుద్ధాన్ని ఎంచుకున్నవారు ఒక్కరూ లేరు.