మా అమ్మను యూరిన్ టెస్టుకు తీసుకెళ్లే ల్యాబు

శ్రీకాకుళంలో మా ఇంటికి రెండు వీధుల అవతల, మెడికల్ షాపు పైన ఉంటుంది ఈ చిన్న ల్యాబు. ఏడాదిగా అమ్మ పరీక్షలన్నీ ఇక్కడే చేయిస్తున్నాను. అమ్మకు 62 ఏళ్లు, షుగరు వచ్చి 11 ఏళ్లయింది.

అంతకుముందు ఇంటికొచ్చి శాంపిల్ పట్టుకెళ్లే వేరే వాళ్ల దగ్గర చేయించాం. ముందురోజు డబ్బా ఇచ్చి వెళ్లిన కుర్రాడు మర్నాడు పదకొండింటికి వచ్చాడు. అమ్మ ఆరింటికే పట్టి కిటికీలో పెట్టింది. మే నెల. సాయంత్రం రిపోర్టులో పస్ సెల్స్ (చీము కణాలు) 20-25, బ్యాక్టీరియా, ఎపిథీలియల్ సెల్స్ 15-20 అని వచ్చాయి. మాది ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే ప్రాంతం; అమ్మ పుట్టింది అక్కడి కవిటి దగ్గర. కిడ్నీ జబ్బుతో అయినవాళ్లను పోగొట్టుకున్న ఇల్లు. మూత్రంలో ఏదో ఉందంటే మాకు అన్నం దిగదు.

డాక్టరుగారు రిపోర్టు చూసి, మంట ఉందా, జ్వరం ఉందా అని అడిగారు. రెండూ లేవు. ఎపిథీలియల్ సెల్స్ అంత ఉన్నాయంటే చర్మం మీది కణాలు కలిశాయని, పైగా ఐదు గంటలు వేడిలో ఉంటే బ్యాక్టీరియా పెరిగిపోతుందని చెప్పారు. మందు రాయకుండా, మళ్లీ చేయించమన్నారు. అలా వెళ్లాం ఈ ల్యాబుకు.

అక్కడ శాంపిల్ తీసుకునే అమ్మాయి డబ్బా ఇచ్చేముందు అమ్మను పక్కన కూర్చోబెట్టుకుంది. "అమ్మా, ముందు నీళ్లతో కడుక్కోండి. మొదట వచ్చింది వదిలేసి, మధ్యలోది పట్టండి. డబ్బా లోపల వేలు తగలనివ్వకండి" అని నెమ్మదిగా రెండుసార్లు చెప్పింది. మూత మీద పేరు, టైము రాసుకుంది. ఏయే మాత్రలు వాడుతున్నారో కూడా అడిగింది. గంటలోపే మైక్రోస్కోపు కింద పెట్టారు. ఈసారి పస్ సెల్స్ 2-4, ఎపిథీలియల్ 1-2. పస్ సెల్స్ ఐదు లోపు ఉంటే మామూలే అన్నారు. మనిషి అదే, మూత్రం పట్టిన తీరు మారిందంతే.

మూత్రంలో షుగరు మాత్రం మూడు ప్లస్సులు వచ్చింది. చూడగానే గుండె జారింది. ఆ అమ్మాయే మాత్రల చీటీ చూపించి, "డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నారు కదా, అది షుగరును మూత్రంలోకే పంపిస్తుంది. రక్తంలో ఎంతుందో చూసుకోండి, డాక్టరుగారికి చూపించండి" అంది. పరగడుపున రక్తంలో 118 ఉంది. మాత్రల సంగతి అడగని చోట అయితే ఆ ప్లస్సులు చూసుకుని మళ్లీ ఓ రాత్రి నిద్ర లేకుండా గడిపేవాళ్లం.

మాలాంటి వాళ్లకు చెప్పాల్సింది ఇంకోటుంది. స్ట్రిప్పు ముంచి చూసే పరీక్షలో ప్రోటీన్ 'నిల్' అని వచ్చినా, షుగరు ఉన్నవాళ్లు అల్బుమిన్-క్రియాటినిన్ రేషియో (మూత్రంలో కొద్దిగా పోయే ప్రోటీన్‌ను కూడా పట్టే పరీక్ష) విడిగా చేయించుకోవాలి. 30 లోపు ఉండాలి, అమ్మకు 18 వచ్చింది. ఉద్దానం జబ్బులో అయితే మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోకుండానే కిడ్నీ దెబ్బతినొచ్చు. అందుకే యూరిన్ బాగుందని, కిడ్నీ పనితీరు చెప్పే రక్తంలో క్రియాటినిన్ పరీక్ష మానకూడదు. ఈ ల్యాబులో మూత్రం, రక్తం రెండూ ఒకే రోజు తీసుకుంటారు.

నచ్చనివీ ఉన్నాయి. బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ లేదు, నేల ఎప్పుడూ తడే. మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఒకసారి జారబోయి గోడ పట్టుకుంది. ఆ మాట రెండుసార్లు చెప్పాను, ఇంకా పెట్టించలేదు. రిపోర్టు మొత్తం ఇంగ్లీషులోనే, అక్షరాలు చీమ తలకాయల్లా ఉంటాయి. కల్చర్ (ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్ష) అయితే బయటికి పంపుతారు, మూడు రోజులు పడుతుంది.

ఉదయం ఏడింటికి తెరుస్తారు. ఎనిమిదిన్నర దాటితే మెట్ల మీదే నిలబడాలి కాబట్టి పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు తొందరగా వెళ్లండి, బాత్రూములోకి వాళ్లతోపాటు మీరూ వెళ్లండి.