నాలుగు స్లెడ్లు, ఒక తెగిన బెల్టు

ముందే చెప్పేస్తున్నా, ఇది మంచు మీద పరిగెత్తే స్నోమొబైల్ బళ్ల ముచ్చట, కానీ నేనేం రేసర్ని కాదు. మినియాపొలిస్ శివార్లలో ఉంటూ వారమంతా డేటాబేసులతో కుస్తీ పట్టే ఖమ్మం మనిషిని. మిన్నెసోటా వచ్చిన మొదటి చలికాలం నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా కిటికీలోంచి తెల్లగా కనిపించే రోడ్డును చూస్తూ ఎందుకొచ్చాన్రా దేవుడా అనుకుంటూ గడిపాను. రెండో చలికాలంలో పక్కింటి పెద్దాయన ఒక శనివారం ముందు రెండు స్కీలు, కింద తిరిగే రబ్బరు ట్రాక్ ఉన్న తన పాత స్నోమొబైల్ ఎక్కించి గడ్డకట్టిన చెరువు మీద రెండు రౌండ్లు తిప్పాడు, ఆ రోజుతో నా బ్యాంకు బ్యాలెన్సుకు శని పట్టింది.

ఇక్కడ దాన్ని ఎవరూ స్నోమొబైల్ అనరు, స్లెడ్ అంటారు. కశ్మీర్ టూర్‌కెళ్లి గుల్‌మార్గ్‌లో డ్రైవర్ వెనకాల కూర్చుని ఫొటో దిగే స్నో స్కూటర్ కూడా ఇదే జాతి. కానీ నేను చెప్పబోయేవి వేరే లెక్క. మా అన్న యమహా ఆర్ఎక్స్ 100 మీద ఊరంతా హడలెత్తించేవాడు, దాని పవర్ 11 హార్స్‌పవర్. ఇక్కడి పెర్ఫార్మెన్స్ స్లెడ్ 165 దగ్గర మొదలవుతుంది, పైగా నడిపేది హ్యాండిల్ పిడి మెలితిప్పి కాదు, కుడి బొటనవేలితో ఒక చిన్న లివర్ నొక్కి. మొదటిరోజు సాయంత్రానికి ఆ వేలితో అన్నం కలపడం కూడా కష్టమైంది.

మా గ్యాంగ్‌లో ఆరుగురం. ముగ్గురు తెలుగువాళ్లం, ఇద్దరు ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు, ఒక కెనడా ఆయన. ట్రైల్ మీద, అంటే స్లెడ్లు తిరిగే మంచు దారి మీద, బళ్లు మార్చుకోవడం మాకు అలవాటు, అందుకే నాలుగు రకాల స్లెడ్లు మూడు చలికాలాల పాటు నా చేతికి వచ్చాయి. నాది స్కీ-డూ కంపెనీ ఎంఎక్స్‌జెడ్ ఎక్స్-ఆర్ఎస్, 850 ఈ-టెక్ ఇంజిన్, సెకండ్ హ్యాండ్. కెనడా ఆయనది అదే స్కీ-డూలో 900 ఏస్ టర్బో ఆర్. ఇంకొకాయనది పొలారిస్ ఇండీ వీఆర్1, 850 బూస్ట్ ఇంజిన్. వరంగల్ అన్నది యమహా సైడ్‌వైండర్ ఎస్ఆర్ఎక్స్.

పవర్ సంగతి ముందు, ఎందుకంటే అందరూ అడిగేది అదే. సైడ్‌వైండర్‌కు తిరుగులేదు. 998 సీసీ, మూడు సిలిండర్లు, ఫోర్ స్ట్రోక్, ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే టర్బో, 200 హార్స్‌పవర్‌కి పైమాటే. గడ్డకట్టిన పెద్ద సరస్సు మీద బొటనవేలు మొత్తం నొక్కితే ముందు ఒక అర సెకను ఏమీ కాదు, ఆ తర్వాత ఎవరో వెనకనుంచి రెండు చేతులతో నడుము పట్టి తోసినట్టు ఉంటుంది, ఆ తోపు ఆగదు, అదే అసలు భయం. ఎస్ఆర్ఎక్స్‌ను తయారుచేసిందే ఇలాంటి చదును మంచు మీద పరిగెత్తడానికి, అందుకే ఎత్తు తక్కువ, ట్రాక్ మీద రబ్బరు పళ్లు పొట్టివి. కానీ మిన్నెసోటాలో స్లెడ్ స్పీడ్ లిమిట్ గంటకు 50 మైళ్లు అన్న విషయం వరంగల్ అన్నకు గుర్తు చేస్తే మొహం మాడ్చుకుంటాడు.

పొలారిస్ కంపెనీ హార్స్‌పవర్ అంకె బయటపెట్టదు, కాబట్టి బూస్ట్ ఎంత అని నన్నడగొద్దు. నడిపినవాడిగా చెప్పగలిగేది ఒక్కటే, టర్బో ఉన్న టూ స్ట్రోక్ అంటే కోడెదూడ. తేలిక, చురుకు, అరక్షణం కూడా ఆలస్యం లేదు, లివర్ ముట్టుకుంటే స్కీలు గాల్లోకి లేస్తాయి. ఫ్యాక్టరీ నుంచే టర్బోతో వచ్చిన మొదటి టూ స్ట్రోక్ స్లెడ్ మాత్రం స్కీ-డూదే, 2020 మోడల్, కొండల కోసం చేసింది. అది ఎందుకు పుట్టిందో తెలిస్తే మనకు టర్బో కావాలో వద్దో తేలిపోతుంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడి, మామూలు ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం పవర్ పోగొట్టుకుంటుంది. మోంటానా రాష్ట్రంలోని వెస్ట్ యెల్లోస్టోన్ ఊరు 6,600 అడుగుల పైన ఉంది, అక్కడ నా 850 దాదాపు ఐదో వంతు నీరసపడుతుంది. ఆ మొదటి టర్బో 8,000 అడుగుల దాకా 165 హార్స్‌పవర్ నిలబెట్టేది. మరి మా మిన్నెసోటాలో అంత ఎత్తు ఎక్కడుంది? రాష్ట్రం మొత్తంలో ఎత్తైన ఈగిల్ మౌంటెన్ 2,301 అడుగులు. ఇక్కడ టర్బో అంటే అవసరం కాదు, సరదా. సరదాకి డబ్బు పెట్టడం తప్పని నేననను, కానీ అవసరం అని ఇంట్లో అబద్ధం చెప్పకండి, నేను చెప్పి దొరికిపోయాను.

నా 850 ఈ-టెక్‌కి టర్బో లేదు, 165 హార్స్‌పవర్. 900 ఏస్ టర్బో ఆర్ 180, ఫోర్ స్ట్రోక్. కాగితం మీద అదే గెలుస్తుంది, కానీ అడవిలో మలుపు తర్వాత మలుపు వచ్చే ట్రైల్‌లో నా బండే ముందు ఉంటుంది. నా ప్రతిభేం లేదు, బరువు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ బరువంతా ముందు కూర్చుంటుంది. మలుపులో స్లెడ్‌ను వంచడం అంటే బైక్ వంచినట్టు కాదు, లోపలివైపు కాలు బలంగా తన్ని, ఒంటిని కూడా అటువైపే బండి బయటికి వేలాడదీసి, హ్యాండిల్‌ను లాగాలి. టూ స్ట్రోక్‌తో ఈ పని రోజంతా చేయొచ్చు. బరువు బండితో అరవై మైళ్లకే భుజాలు పట్టేస్తాయి. సైడ్‌వైండర్‌లో పవర్ స్టీరింగ్ ఉన్నది తీసుకుంటే చాలా నయం, వరంగల్ అన్నది అదే. ఆయన అది లేకపోతే నా వయసుకి ఈ బండి వద్దురా అని ఒప్పుకున్నాడు, ఆయన ఏదైనా ఒప్పుకోవడం నేను చూసింది అదొక్కసారే.

హ్యాండ్లింగ్‌లో నాకు నచ్చింది మాత్రం పొలారిస్. సొంత బండిని కాదని చెబుతున్నా కాబట్టి నమ్మండి. మ్యాట్రిక్స్ ఛాసిస్ సన్నగా, బిగుతుగా ఉంటుంది, మోకాళ్ల దగ్గర చోటు ఎక్కువ, నిలబడి నడపడానికి చేసినట్టు ఉంటుంది. శనివారం మధ్యాహ్నానికి జనం తొక్కీ తొక్కీ ట్రైల్ అంతా గుంటలు పడుతుంది, మన ఊళ్లో వానాకాలం తర్వాత ట్రాక్టర్లు తిరిగిన డొంకదారిని ఊహించుకోండి, గుంటకీ గుంటకీ మధ్య సరిగ్గా బండి పొడుగంత దూరం. అలాంటి చోట పొలారిస్ స్కీలు ఎటు చూపిస్తే అటే పోతాయి. నా స్కీ-డూకి స్మార్ట్-షాక్స్ లేవు, అవి ఉన్న కెనడా ఆయన బండి అదే గుంటల మీద సోఫాలా పోతుంది, నేను వెనకాల నడుము పట్టుకుని వస్తుంటా. షాక్స్ తమంతట తామే గట్టిబడడం, మెత్తబడడం అన్నది ప్రకటనల మాట అనుకున్నాను మొదట, కాదు.

ఒక చిన్న సలహా. హ్యాండిల్ ఊరికే అటూ ఇటూ లాగుతోందంటే ఛాసిస్‌ను తిట్టకముందు వంగి స్కీల కింద చూడండి. అక్కడ కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థంతో చేసిన బద్దలుంటాయి, మంచును కోసుకుంటూ దారి పట్టేవి అవే. అరిగిపోతే మలుపులో బండి నేరుగా చెట్టులోకి పోతుంది, మరీ కొత్తవైతే ముందు పోయినవాడి గాడిలో పడి వాడు ఎటు పోతే అటే పోతుంది. వీటి ఖర్చు పవర్ ముందు చిల్లర, పనితనం మాత్రం యాభై హార్స్‌పవర్‌కి సమానం.

ఇప్పుడు నమ్మకం. అసలు ఇది రాయడానికి కారణమే ఇది.

స్లెడ్‌లో గేర్లుండవు. మీ యాక్టివాలో ఉన్నట్టే రెండు పుల్లీలు, మధ్య ఒక వెడల్పాటి రబ్బరు బెల్టు. యాక్టివాలో ఆ బెల్టు మోసేది ఎనిమిది హార్స్‌పవర్ లోపు, ఇక్కడ 165 నుంచి 200. ఎంత పెద్ద ఇంజిన్ కొన్నా పవర్ అంతా ఆ రబ్బరు పట్టీ మీదుగానే ట్రాక్‌కి చేరాలి. కిందటి జనవరిలో డులూత్ నుంచి గ్రాండ్ మరే దాకా పోయే 146 మైళ్ల నార్త్ షోర్ ట్రైల్ మీద ఉన్నాం. మా ఆరు బళ్లలో ఒకటి, ఏ కంపెనీదో ఎవరిదో చెప్పను, పాపం బండి తప్పు కూడా కాదేమో, ధడేల్‌మని చప్పుడు చేసి ఆగిపోయింది. ఇంజిన్ తిరుగుతోంది, ట్రాక్ కదలదు. పక్క ప్యానెల్ తీస్తే కాలిన రబ్బరు కంపు, బెల్టు పీలికలు పీలికలై వెనక పుల్లీ చుట్టూ నల్లటి కొబ్బరి పీచులా చుట్టుకుపోయి ఉంది. మైనస్ 22 సెల్సియస్. గ్లవ్స్‌తో పీచు దొరకదు, గ్లవ్స్ తీస్తే నిమిషంలో వేళ్లు మనవి కావు. ఒకరు నిమిషం లాగడం, చేతులు చంకలో పెట్టుకోవడం, ఇంకొకరు లాగడం.

"అన్నా, స్పేర్ బెల్ట్ ఉందా?"

"ఉంది తమ్మీ. ఇంట్లో."

జవాబు వరంగల్ అన్నది. ఆ "ఇంట్లో" అన్న మాట మా గ్యాంగ్‌లో ఇప్పటికీ నడుస్తోంది. ఇక్కడ తెలుసుకోవాల్సింది, బెల్టులు ఒకదానిది ఇంకోదానికి పట్టవు, నా దగ్గరున్న స్పేర్ ఆ బండికి ఎందుకూ పనికిరాలేదు. చివరికి తాడు కట్టి పదకొండు మైళ్లు లాక్కొచ్చాం. అప్పటినుంచి నేను ఏ బండి చూసినా మొదట అడిగేది ఎంత పవర్ అని కాదు, బెల్టు మార్చడానికి ఎంతసేపు పడుతుంది, స్పేర్ పెట్టుకునే చోటు ఎక్కడ అని. పవర్ పెరిగేకొద్దీ బెల్టు వేడి పెరుగుతుంది, చల్లటి బెల్టు మీద ఒక్కసారిగా ఫుల్ లివర్ నొక్కితే ఆయుష్షు తగ్గుతుంది. పొద్దున మొదటి రెండు మైళ్లు మెల్లగా పోండి, పెళ్లి ఊరేగింపులా.

ఇంజిన్ల విషయంలో ఫోర్ స్ట్రోక్ వాళ్లదే పైచేయి. సైడ్‌వైండర్, 900 ఏస్ రెండూ ఎక్కువ మైళ్లు చూడగలిగే ఇంజిన్లు, కారులా ఆయిల్ మార్చుకుంటూ పోవడమే. టూ స్ట్రోక్ ఆయిల్ తాగుతుంది, చిన్నప్పుడు బంకులో పెట్రోల్‌తో పాటు టూటీ ఆయిల్ పోయించుకున్నట్టే, కాకపోతే ఇక్కడ వేరే ట్యాంకులో పోస్తే కలపడం బండే చూసుకుంటుంది. ఆ క్యాన్ల ధర చూస్తే నెయ్యి చవక అనిపిస్తుంది. ఆ పొగ వాసన మాత్రం నాకు ఇష్టం, ఒక్క పీలుపుకి మా అన్న ఆర్ఎక్స్ వెనకసీటు గుర్తొస్తుంది.

ఎవరూ ముందు చెప్పని ఇంకో సంగతి. ఈ బళ్లలో చాలావాటికి కారులో ఉన్నట్టు ముందు రేడియేటర్ ఉండదు, ట్రాక్ ఎగరేసే మంచు పైన కూలర్ పలకలకు తగిలి ఇంజిన్ చల్లబడుతుంది. మంచు మెత్తగా కాకుండా గట్టి ఐస్ అయితే ఎగిరేదేముంది? వేడెక్కుతుంది, లైట్ వెలుగుతుంది. 2023-24 చలికాలం ఇక్కడ మంచే సరిగా పడలేదు, ఉన్న కాస్త ట్రైల్ మీద అందరూ స్క్రాచర్లు దించుకుని తిరిగారు. స్క్రాచర్ అంటే ఐస్‌ను గీకి పొడి లేపే స్ప్రింగు పుల్ల. మీరు కొనే బండికి అవి లేకపోతే వెంటనే వేయించండి.

నమ్మకంలో ఇంకో సగం కంపెనీ రేపు ఉంటుందా అన్నది. యమహా 2023లోనే చెప్పేసింది, స్నోమొబైల్స్ నుంచి తప్పుకుంటున్నామని, ఉత్తర అమెరికాకు 2025 మోడలే ఆఖరు. సైడ్‌వైండర్‌కు ఇంజిన్ యమహాది, బండి కట్టింది మాత్రం మిన్నెసోటాలోని థీఫ్ రివర్ ఫాల్స్‌లో ఆర్కిటిక్ క్యాట్ వాళ్లు, అదే ఇంజిన్‌తో వాళ్లు థండర్‌క్యాట్ అమ్మారు. ఆ ఆర్కిటిక్ క్యాట్‌ను 2017లో టెక్స్‌ట్రాన్ కొంది, 2024 చివర్లో తయారీ ఆపబోతున్నట్టు ప్రకటించింది, 2025లో కంపెనీ మళ్లీ చేతులు మారింది. వరంగల్ అన్న బండి గొప్పదే, కానీ పార్టుల మాటెత్తితే ఆయన గొంతు తగ్గుతుంది. పొలారిస్ పుట్టిందే మా రాష్ట్రంలో, రోసోలో, 1954లో, ఇక్కడ ఊరూరా డీలర్లున్నారు. 2022 చలికాలంలో ట్యాంకులో పెట్రోల్ అంటుకునే ప్రమాదం ఉందని వేల బళ్లను నడపొద్దని రీకాల్ చేశారు కూడా, సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఆ రిపేర్ అయిందో లేదో నంబర్ పెట్టి చూసుకోవాలి.

డీలర్ గురించి ఒక్క ముక్క. నేను మొదట వెళ్లిన చోట, పేరు వద్దు, ఫిబ్రవరిలో చిన్న సెన్సర్ కోసం మూడు వారాలు బండి పెట్టుకున్నారు. ఇక్కడ సీజనే పది పన్నెండు వారాలు. ఇరవై వేల డాలర్ల దరిదాపుల్లో ఉండే బండి మూడు వారాలు షెడ్డులో ఉంటే ఏ హార్స్‌పవర్ ఏం లాభం? ఇప్పుడు నలభై మైళ్లు ఎక్కువైనా ఇంకో ముసలాయన దగ్గరికి పోతున్నా, ఫోన్ ఎత్తుతాడు, అది చాలు.

కొత్తగా కొనే తెలుగువాళ్లకు నా మాట: మీరు ఎక్కువగా అడవి ట్రైల్స్‌లో తిరిగితే టర్బో లేని 850 టూ స్ట్రోక్ చాలు, స్కీ-డూ అయినా పొలారిస్ అయినా సరే, ఇంటికి దగ్గర ఏ డీలర్ ఉంటే అది. రోజుకు రెండొందల మైళ్లు పోయే రకమైతే 900 ఏస్ టర్బో ఆర్, కళ్లు మూసుకుని. సరస్సు మీద పరువు కావాలంటే సైడ్‌వైండర్, ఇప్పుడు సెకండ్ హ్యాండే దారి. 1976 తర్వాత పుట్టినవాళ్లు మిన్నెసోటాలో సేఫ్టీ కోర్సు పాస్ కావాలి, దాన్ని పక్కన పెట్టకండి. ఎగ్జాస్ట్ మీద బిగించే అల్యూమినియం డబ్బా కూడా ఒకటి కొనండి, తెల్లవాళ్లు దాంట్లో హాట్‌డాగ్స్ వేడి చేసుకుంటారు, మేం గోంగూర మటన్ పెడతాం, ముప్పై మైళ్లకు సరిగ్గా పొగలు కక్కుతుంది. మూత గట్టిగా పెట్టండి, ఒకసారి పెట్టలేదు, ఆ బండి వారంపాటు గోంగూర వాసన కొట్టింది.

నా ఎక్స్-ఆర్ఎస్ ప్రస్తుతం గ్యారేజీలో వెచ్చగా ఉంది. కారు బయట ఉంది. రోజూ పొద్దున దాని అద్దం మీద ఐస్ గీకేది మా ఆవిడ, గీకుతున్నంతసేపూ వంటింటి కిటికీలోంచి నావైపు చూస్తూనే ఉంటుంది.