జీరో అవర్: నాలుగుతో మొదలై సున్నాతో ముగిసే కామిక్

డీసీ కామిక్స్ 1994 వేసవిలో వారానికొకటి చొప్పున వదిలిన 'జీరో అవర్: క్రైసిస్ ఇన్ టైమ్'లో ఐదు సంచికలు. వాటి నంబర్లు వెనక్కి నడుస్తాయి: మొదటిదాని మీద 4, తర్వాత 3, 2, 1, చివరిది 0. పాత సంచికలు విడిగా కొనేవాళ్ళు బోల్తా పడేది ఇక్కడే. 0ని పైన పెట్టి కట్ట కట్టి ఇస్తే, అదే మొదటిదనుకుని క్లైమాక్స్ ముందే చదివేస్తారు. ఇంకో జాగ్రత్త: కథ ముదిరేకొద్దీ బొమ్మలు చెరిగిపోయి ఖాళీ తెల్లకాగితం కనిపిస్తుంది. అది అచ్చు లోపం కాదు, కాపీ వాపసు పంపకండి.

రచనా, పెన్సిల్ బొమ్మలూ డాన్ జర్గన్స్‌వే. ఆ బొమ్మల మీద సిరా గీతలు (ఇంకింగ్) జెర్రీ ఆర్డ్‌వేవి. పదులకొద్దీ హీరోలు ఒకే పేజీలో గుమిగూడినా ఎవరు ఎక్కడున్నారో, ఎవరిని కొడుతున్నారో అయోమయం లేకుండా తెలుస్తుందంటే అది ఈ ఇద్దరి చలవే.

కాలం రెండు కొసల నుంచీ తరిగిపోతుండడమే కథ. సృష్టి మొదలు వైపు నుంచి ఇటు, లోకాంతం వైపు నుంచి అటు తెల్లటి శూన్యం కమ్ముకొస్తుంది. అది తాకిన యుగం మాయమవుతుంది. మాయమయ్యేముందు యుగాలు ఒకదానిలోకి ఒకటి దొర్లుతాయి: తుపాకీ దెబ్బతో నడక పోగొట్టుకున్న బార్బరా గోర్డన్, ఆ దెబ్బే తగలనట్టు బ్యాట్‌గర్ల్ వేషంలో బ్యాట్‌మ్యాన్ ముందుకొచ్చి నిలబడుతుంది. ముందు కనిపించే విలన్ ఎక్స్‌టంట్. అసలు సూత్రధారి పారలాక్స్, అంటే ఒకప్పటి గ్రీన్ లాంటర్న్ హాల్ జోర్డాన్. ముప్పై ఏళ్ళు దాటిన రహస్యం కాబట్టి దాచడం లేదు.

బలహీనత ఈ విలన్ల దగ్గరే. ఎక్స్‌టంట్ అంటే హ్యాంక్ హాల్, ఒకప్పటి హీరో 'హాక్' (హాక్‌మ్యాన్ వేరు). 1991 నాటి డీసీ కథ 'ఆర్మగెడాన్ 2001'లో మోనార్క్ అనే విలన్‌గా మారాల్సిన హీరో కెప్టెన్ ఆటమ్. సంగతి ముందే బయటికి పొక్కడంతో చివరి నిమిషంలో హాక్‌ని ఇరికించారు. ఆ అతుకు ఇక్కడా పిగులుతూనే ఉంటుంది. అతను మోనార్క్ నుంచి ఎక్స్‌టంట్ అయిన తీరు ప్రధాన సంచికల్లో సరిగ్గా లేదు, 'షోకేస్ 94' 8, 9 సంచికల్లో ఉంది. హాల్ జోర్డాన్ కోపం అర్థం కావాలంటే 'గ్రీన్ లాంటర్న్' 48, 49, 50 చదివి ఉండాలి. సొంతూరు కోస్ట్ సిటీ బూడిదయ్యాక అతనికి మతి చలించింది అందులోనే. ఇవి చదవకుండా దిగితే, లోకాన్ని చెరిపి మళ్ళీ తప్పుల్లేకుండా రాస్తానని అతను అనడం పిచ్చివాడి ప్రేలాపనలా వినిపిస్తుంది. చదివినవాడికి మాత్రం ఆ మాటలో న్యాయం ఉందేమోనన్న అనుమానం కలుగుతుంది. చివర్లో బాణం వదిలేది అతని పాత స్నేహితుడు గ్రీన్ యారో కావడంలో ఉన్న నొప్పి తెలిసేది కూడా అప్పుడే.

పుస్తకం మొత్తంలో నిలిచిపోయేది జస్టిస్ సొసైటీ ఘట్టం. రెండో ప్రపంచయుద్ధం నాటి ఈ వీరులు తొంభైల్లో కూడా దిట్టంగా ఉండడానికి 1984లో ఒక కారణం చెప్పారు: అయాన్ కర్‌కుల్‌తో పోరాటంలో వాళ్ళ ఒంట్లో ఇమిడిపోయిన కాలశక్తి. ఎక్స్‌టంట్ కొట్టడు, పేల్చడు. ఆ శక్తిని లాగేస్తాడు. ఆగి ఉన్న వయసంతా ఒక్కసారిగా మీద పడుతుంది. ఆటమ్, అవర్‌మ్యాన్, డాక్టర్ మిడ్‌నైట్ ప్రాణాలు కోల్పోతారు. పదేళ్ళ కిందటి ఒక చిన్న సాకుని ఆయుధంగా మార్చిన ఈ ఎత్తుగడ గొప్పది. ఇంతటి వీరుల్ని అన్ని తక్కువ పేజీల్లో సాగనంపడం మాత్రం అన్యాయం.

ఇక ఈ పుస్తకం పెట్టుకున్న అసలు పని, చరిత్రకి మరమ్మతు. 1985-86 నాటి 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్' అనేక లోకాల్ని ఒకటి చేసింది కానీ, ఆ తర్వాత ఒక్కో పత్రిక ఒక్కో చోట నుంచి కొత్తగా మొదలైంది. అందరికంటే చిక్కులో పడినవాడు రెక్కల వీరుడు హాక్‌మ్యాన్. 1989 నాటి 'హాక్‌వరల్డ్' గతంలో జరిగిన కథ. దాని కొనసాగింపుని వర్తమానంలో పెట్టేసరికి అంతకుముందు జస్టిస్ లీగ్‌లో ఉన్న హాక్‌మ్యాన్ ఎవరో తేలకుండా పోయింది. 'జీరో అవర్' చూపిన మందేమిటంటే, ఉన్న హాక్‌మ్యాన్‌లందరినీ ఒకే ఒంట్లో కలిపేయడం! రోగం ముదిరింది. 1996లో 'హాక్‌మ్యాన్' పత్రిక మూతపడింది, 2001లో జస్టిస్ సొసైటీ పత్రిక 'జేఎస్ఏ' వచ్చి ముడి విప్పాల్సి వచ్చింది. బ్యాట్‌మ్యాన్ తల్లిదండ్రుల్ని చంపిందెవరో ఎన్నటికీ తెలియదన్నారు. 2005-06 నాటి 'ఇన్ఫినిట్ క్రైసిస్' హంతకుడిగా జో చిల్ పేరుని తిరిగి తెచ్చింది. భవిష్యత్తు నాటి కుర్ర వీరుల దండు లీజియన్ విషయంలో మాత్రం ధైర్యంగా పాతదంతా తుడిచేసి కొత్తగా మొదలెట్టారు. పాత అభిమానులు తిట్టుకున్నారు, కొత్తవాళ్ళకి తలుపు తెరుచుకుంది.

ఈ కథతో ముడిపడి ఇతర పత్రికల్లో వచ్చిన అనుబంధ సంచికలన్నీ కొనక్కర్లేదు. నాలుగు చాలు. 'సూపర్‌మ్యాన్: ద మ్యాన్ ఆఫ్ స్టీల్' 37లో వేర్వేరు కాలాల బ్యాట్‌మ్యాన్‌లు ఎవరి పాత శైలిలో వాళ్ళు దిగుతారు, చూడ్డానికే ముచ్చట. 'డిటెక్టివ్ కామిక్స్' 678లో హత్యలు జరిగిన ఆ రాత్రి చనిపోయింది బ్యాట్‌మ్యాన్ తల్లిదండ్రులు కాదు, బాలుడు బ్రూస్, అంటే బ్యాట్‌మ్యాన్ కావాల్సినవాడే. 'రాబిన్' 10లో అప్పటి రాబిన్ టిమ్ డ్రేక్‌కి మొదటి రాబిన్ డిక్ గ్రేసన్ కుర్రవాడిగా ఎదురవుతాడు. 'లీజియన్' 61 చివర్లో వీడ్కోలు చదవాలంటే పాత లీజియన్ మీద కాస్తయినా మమకారం ఉండాలి. మిగతావాటిలో చాలావరకు ఒక డైనోసారో, ఒక పాత పరిచయస్తుడో వచ్చి వెళ్ళిపోవడమే.

ఏ రూపంలో కొనాలి? ఐదు సంచికలూ ఉన్న పేపర్‌బ్యాక్ మొదటిసారి చదివేవాళ్ళకి సరిపోతుంది. ఆమ్నిబస్ అనే లావుపాటి సంకలనంలో అనుబంధాలు దండిగా ఉంటాయి. అంత బరువు ఒళ్ళో పెట్టుకుని చదవలేం, బల్ల కావాలి. విడి సంచికలైతే 0లో మడత విప్పే కాలపట్టిక ఉందో లేదో చూసి తీసుకోండి. మహావిస్ఫోటనం నుంచి లీజియన్ కాలం దాకా వరసగా ఉంటుంది, మడతల దగ్గర చిరిగే అవకాశం ఎక్కువ. సూపర్‌మ్యాన్ వచ్చి పదేళ్ళే అయిందంటుంది ఆ పట్టిక. 1994కి బ్యాట్‌మ్యాన్ పక్కన మూడో రాబిన్ నడుస్తున్నాడు, ముగ్గురికీ ఆ పదేళ్ళు ఇరుకే. ఫోన్‌లో ఒక్కో గడి పెద్దది చేసుకుని చదివితే మాత్రం డబ్బు దండగ. గడులు కుంచించుకుపోయి పేజీ తెల్లబడడం తెలియాలంటే పేజీ మొత్తం ఒక్క చూపులో కనబడాలి. ట్యాబ్లెట్ తక్కువలో తక్కువ.

ఇది ముగిశాక అట్ట మీద అక్టోబర్ తేదీతో డీసీ సూపర్‌హీరో పత్రికలు 0 నంబరుతో వచ్చాయి. వాటిలో ఒక్కటే కొనగలిగితే జేమ్స్ రాబిన్సన్, టోనీ హారిస్‌ల 'స్టార్‌మ్యాన్' 0 కొనండి. జస్టిస్ సొసైటీలో ఒకడు, వయసు మీదపడ్డ పాత స్టార్‌మ్యాన్ టెడ్ నైట్, ఇష్టం లేకపోయినా ఆయన శక్తిదండం అందుకోవాల్సిన కొడుకు జాక్: జస్టిస్ సొసైటీకి ఇక్కడ దక్కని పేజీలు అక్కడ దక్కాయి.